పరిచయము లేని ఊరిలో భూమి కొనువారికి

హైదరాబాదు నుండి నిజామాబాదు వైపు పోవు 44వ నెంబరు జాతీయ రహదారి కామారెడ్డి దాటిన పిమ్మట అడవి కొండల నడుమ సాగి ఇందల్వాయి చేరును. రైలు స్టేషను ఉన్నది, బస్సులు ఆగును, గాలి మంచిది. ఒకనాటి సిర్నాపల్లి సంస్థానపు సీమ ఇది. 2016లో ప్రత్యేక మండలమైనది. మలివయసులో నాలుగెకరములు కొని, బాయి ప్రక్కన చిన్న ఇల్లు వేసికొని, రెండు బర్రెలను పెట్టుకొని బ్రతుకుదమనుకొనువారు ఇట్టి చోటునే వెదకుచుందురు. ఉద్యోగము నుండి విరమించినవారు కొందరు. రోడ్లకు, జలాశయములకు సొంత ఊరిలోని భూమి పోయి, పరిహారపు సొమ్ముతో వేరొకచోట భూమి వెదకు రైతులు కొందరు. గల్ఫు దేశములలో ఇరువదేండ్లు కష్టపడి తిరిగి వచ్చినవారు మరికొందరు.

కోరిక మంచిదే. అయితే ముప్పదియేండ్ల రైతు తప్పు భూమి కొనినచో పది పంటలలో దానిని దిద్దుకొనగలడు. అరువదియేండ్లవానికి ఆ పది పంటల వ్యవధి లేదు. పోయిన సొమ్మును మరల సంపాదించు శక్తియు లేదు. అందుచేత సొంత ఊరిలో ఎంతో తెలివిగా భూమి కొనిన రైతు కూడ కొత్త ఊరిలో తనకేమియు తెలియదని అనుకొనియే మొదలుపెట్టవలెను. సొంత ఊరిలో ఏ చెల్క ఎవరిది, ఏ అన్నదమ్ములకు తగవున్నది, ఏ బోరు సంక్రాంతికే ఎండిపోవును అను సంగతులు అడుగకయే తెలియును. కొత్త ఊరిలో ఆ తెలివి అంతయు పనిపెట్టి సంపాదించుకొనవలసినదే.

ఈ జిల్లాకు పరాయి రైతులు వచ్చుట కొత్త కాదు. మంజీర నదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైన పిమ్మట గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతములకు వచ్చి భూములు కొనిరి. వారు గుడిసెలు వేసికొని ఉండిన చోట్లు నేటికిని ‘క్యాంపు’ అను పేరుతోనే పిలువబడుచున్నవి. వారు నిలద్రొక్కుకొనుటకు కారణములు వెదకిన రెండు కనబడును. కాలువ నీరు పారుచుండగా కన్నులార చూచి, ఆ నీటి క్రిందనే కొనిరి. ఒంటరిగా గాక పది కుటుంబములు కలసి వచ్చిరి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడుటతో చెరకునకు గిరాకి కూడ కలిగినది. నేడు ఇందల్వాయిలో ఒంటిగా భూమి కొను వృద్ధునకు ఈ మూడింటిలో ఏదియు సిద్ధముగా లేదు. ఇది నిజాంసాగరు కాలువల క్రింది భూమి కాదు. చెరువులు, బోర్లు ఆధారముగా గల మెట్ట సీమ. బోధనులో ఫ్యాక్టరీయు 2015 డిసెంబరులో మూతబడినది. తిరిగి తెరచెదరను మాట అప్పుడప్పుడు వినవచ్చుచుండును. ఆ మాటను చూపి ధర పెంచిన అమ్మకపుదారునకు, ఫ్యాక్టరీ తెరచిననాడు వచ్చెదనని చెప్పి లేచి రావలెను.

ఒక వేసవి ఉండి చూడుడు

ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది: కొనుటకు ముందు ఆ ఊరిలో ఒక వేసవి గడుపవలెను. ఊరిలో ఒక ఇల్లు అద్దెకు తీసికొనుడు. వీలైనచో ఒక ఎకరము ఒక పంటకు కౌలుకు చేయుడు. కౌలు కాగితము వ్రాసి ఇచ్చుటకు ఇచ్చటి పట్టాదారులు వెనుకాడుదురు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము మిగిల్చిన భయము ఇంకను పోలేదు. వారిని బలవంతము చేయ పనిలేదు. నోటిమాటతో ఒక పంట, మక్త ముందుగా చెల్లించిన చాలును. ఈ ఖర్చు దండుగ అనిపించవచ్చును గాని, కొనబోవు భూమి ధరలో అది ఎన్నవ వంతో లెక్క వేసికొనిన ఆ అనుమానము పోవును.

భూములు చూచుటకు జనులు సాధారణముగా దసరా, దీపావళి దినములలో వత్తురు. అప్పుడు చెరువు నిండియుండును, గట్లు పచ్చగా నుండును, ఎండిపోవు బోరు కూడ దుముకుచుండును. కార్తిక మాసములో చెడ్డభూమి ఎక్కడ కనబడును? చూడవలసినది ఏప్రిలు ఆఖరున, మే నెలలో. అదియు ఒక దినము కాదు. అరువదియైదేండ్లు దాటిన భార్యాభర్తలు ఆ ఎండలో, ఆ నీటితో, రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ చీకటిలో ఉండగలరా అనునది కాగితములో వ్రాసి యుండదు.

నీరు

ఇందల్వాయి పరిసరములు నల్లరాతి పొరపైన ఎర్రచెల్క, దుబ్బ నేలలు. వర్షపాతము సంవత్సరమునకు సుమారు 1000 మిల్లీమీటర్లు. కరవు సీమ కాదు. కాని రాతి నేలలో నీరు బీటలలో మాత్రమే నిలుచును. ఒక బోరులో రెండంగుళముల నీరు వచ్చినచో ఇరువది గజముల అవతలి బోరులో దుమ్ము రావచ్చును. కావున ‘పొరుగువానికి నీరున్నది, నీకును పడును’ అను మాటకు విలువ లేదు. ఉన్న బోరునే కొలిచి కొనవలెను.

కొలత సులభము. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషములలో నిండునో చూడుడు. రెండు నిమిషములు పట్టినచో గంటకు 6,000 లీటర్లు. ఎనిమిది గంటలు నడచినచో 48,000 లీటర్లు. ఎకరము నేలపై ఒక అంగుళము నీరు నిలుపుటకు సుమారు 1,03,000 లీటర్లు కావలెను. అనగా ఈ బోరు రెండు దినములు నడచినను ఒక ఎకరమునకు అంగుళము నీరు పూర్తిగా పెట్టజాలదు. యాసంగి వరికి మొత్తము మీద నలుబదియెనిమిది అంగుళముల నీరు కావలెనని పెట్టుకొనుడు. 120 దినములు ఆగకుండ నడచినను ఈ బోరు క్రింద ఎకరమునకు కొంచెము మించి మాత్రమే వరి పండును. బిందు సేద్యముతో తోట పెంచినచో ఇదే నీరు మూడు నాలుగు ఎకరములకు చాలవచ్చును. ‘రెండు బోర్లున్న అయిదెకరముల తరి’ అని చెప్పి అమ్ముదురు. లెక్క వేసిన పిమ్మట అది ఎకరమున్నర తరి, మూడున్నర ఎకరముల మెట్ట అని తేలుట సామాన్యము. ధర ఆ ప్రకారమే ఇయ్యవలెను.

ఇందులో ఒక మోసము గలదు. నాలుగు దినములు మోటారు ఆపియుంచి కొనువాడు వచ్చిన దినమున నడిపినచో మొదటి గంట నీరు ఉధృతముగా వచ్చును. ఉదయము మోటారు వేయించి సాయంత్రమువరకు అక్కడనే కూర్చుండుడు. మొదటి గంటలో డ్రమ్ము నిండిన కాలము, ఎనిమిదవ గంటలో నిండిన కాలము రెండును వ్రాసికొనుడు. రెండవదియే నిజము.

కొత్త బోరు వేయవలసి వచ్చినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ప్రకారము అనుమతి పొందవలెను. ఊరి త్రాగునీటి బావికి చేరువలో అనుమతి దొరకదు. చెరువు ఎన్ని సంవత్సరములకు ఒకమారు నిండునో ఊరి నీరడిని అడుగుడు. రాబోవు కాలువలను గూర్చి చెప్పువారు ఎప్పుడును ఉందురు. పారని కాలువకు ధర కట్టరాదు.

బోధను వైపు నల్లరేగడిలో, నిజాంసాగరు ఆయకట్టున కొనదలచినవారికి చిక్కు వేరు. అక్కడ నీరున్నది గాని, మీ పొలము కాలువ మొదట ఉన్నదా, చివర ఉన్నదా అనునది ముఖ్యము. ప్రాజెక్టు పూడినది; పైన 1989లో సింగూరు కట్టబడి జంటనగరముల దాహమునకు మంజీర నీటిని పంచుకొన్నది. చివరి భూములకు నీరు చాలకనే గోదావరి నుండి అలీసాగరు, గుత్ప ఎత్తిపోతలు కట్టవలసి వచ్చెను. మీ తూమునకు గడచిన అయిదు యాసంగులలో ఎన్ని తడులు అందినవో అవతలి గట్టు రైతునే అడుగవలెను. అమ్మువానిని అడిగి ప్రయోజనము లేదు.

కాగితములు

నేటి పట్టాదారు పాసుపుస్తకము ఒక్కటే చూచి కొనుట పెద్ద పొరపాటు. ఎందుచేతననగా, 2017–18లో రికార్డుల సవరణ జరిగి కొత్త పాసుపుస్తకములు వచ్చినప్పుడు, పాత పహాణీలలో ఉండిన అనుభవదారు కాలము ఎత్తివేయబడినది. పట్టా ఒకరిది, కబ్జా ఇంకొకరిది అయిన భూములలో అప్పటినుండి కంప్యూటరులో పట్టాదారు పేరు మాత్రమే కనబడుచు వచ్చినది. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనది; 2025 ఏప్రిలు 14న దాని స్థానములో భూభారతి వచ్చినది. ఈ రెండింటికిని పూర్వపు పహాణీలలో ఆ సర్వే నెంబరున అనుభవదారుగా ఎవరి పేరున్నదో చూడనిదే బయానా ఇయ్యరాదు.

ఎంత వెనుకకు చూడవలెను? 1954–55 నాటి ఖాస్రా పహాణీ వరకు. జాగీర్లు 1949లో రద్దయిన తరువాత తెలంగాణమున భూమి ఎవరి చేతనున్నదో వివరముగా వ్రాసిన మొదటి లెక్క అది. ఆ పేరు నుండి నేటి పేరు వరకు మెట్టుమెట్టుగా రావలెను: తండ్రి నుండి కొడుకునకు విరాసతు, ఒకరి నుండి ఒకరికి రిజిస్టరు దస్తావేజు. ఎక్కడైన ఒక మెట్టు లేకున్నచో అక్కడ ఆగి అడుగవలెను. చాలచోట్ల ఆ లోటు సాదాబైనామాగా తేలును. అనగా తెల్లకాగితముపై వ్రాసికొనిన అమ్మకము. వ్రాసినవారు మోసగాండ్రు కారు. ఆ కాలమున మాటకు విలువ ఉండెడిది. కాని క్రమబద్ధము కాని సాదాబైనామాతో వచ్చిన భూమిని కొనినచో మీకు వచ్చునది భూమి కాదు, దరఖాస్తు.

పాత పహాణీలలో కొన్ని మాటలు కనబడినచో జాగ్రత్తపడవలెను. ‘లావణి’, ‘అసైన్డ్’ అనియున్నచో ప్రభుత్వము పేదలకు ఇచ్చిన భూమి. 1977 చట్టము ప్రకారము అమ్మరాదు, కొనరాదు, కొనినచో ప్రభుత్వము వెనుకకు తీసికొనును. ‘ఇనాం’ అనియున్నచో ఆక్యుపెన్సీ హక్కు పత్రము (ఓ.ఆర్.సి.) ఉన్నదా అని అడుగవలెను. రక్షిత కౌలుదారుల పట్టికలో పేరున్నచో, 1950 చట్టము 38-ఇ సెక్షను క్రింద ఆ కౌలుదారుల వారసులకు హక్కు ఉండవచ్చును. ‘శిఖం’ అనగా చెరువు గర్భము. ఎండిన సంవత్సరములలో అందమైన పొలము వలె కనబడును. ‘బంచరాయి’ ఊరి పశువుల మేతభూమి. ఇవిగాక దేవాదాయ, వక్ఫు భూములు గలవు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింద నిషేధించిన సర్వే నెంబర్ల పట్టికను తహసీలు కార్యాలయమున చూచుకొనవలెను.

ఇందల్వాయిలో మరియొక జాగ్రత్త అవసరము. చుట్టును అడవి. రెవెన్యూ లెక్కలో పట్టాయైన భూమి అటవీశాఖ హద్దురాళ్ళకు లోపల ఉండుట సంభవము. ఇట్టి తగవు సంయుక్త సర్వే జరిగినగాని తేలదు. అడవికి ఆనుకొనిన చెల్క చౌకగా వచ్చుచున్నదనిన, చౌకకు కారణమేమని ముందుగా అడుగవలెను. 2006 అటవీహక్కుల చట్టము క్రింద పోడు సాగుదార్లకు ఇచ్చిన పత్రములు వారసులకు మాత్రమే చెందును. అవి అమ్మకమునకు పనికిరావు.

అమ్మువాని కుటుంబమును గూర్చి విచారించుట కాగితమంత ముఖ్యము. పిత్రార్జితమైన భూమియైనచో కొడుకులతో పాటు కూతుండ్ల సంతకములును తీసికొనవలెను. మన రాష్ట్రమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు ఆడపిల్లకు సమాన హక్కు గలదు. ‘చెల్లెండ్లు అడుగరండీ’ అని అమ్మువాడు చెప్పును. వారు అడుగకపోవచ్చును. వారి పిల్లలు అడుగుదురు. ఈ జిల్లాలో ప్రతి ఇంటి నుండి ఒకరు గల్ఫులో ఉందురనిన అతిశయోక్తి కాదు. అట్టి వారసుని అధికారపత్రము అక్కడి భారత రాయబార కార్యాలయమున ధ్రువపడి రావలెను. ఫోనులో ‘సరే’ అనిన చాలదు.

కొనువాడే గల్ఫులో ఉన్నచో? విదేశీ మారకపు నియమములు ప్రవాస భారతీయులను, ఓ.సి.ఐ. కార్డుదారులను వ్యవసాయ భూమి కొననీయవు, వారసత్వముగా పొందనిచ్చును. తిరిగి వచ్చి ఇచ్చట స్థిరపడిన పిదప కొనవలెను. తమ్ముని పేర కొని తరువాత మార్చుకొందమనుకొని, ఆ తమ్మునితోనే కోర్టున నిలిచినవారు ఊరూర కనబడుదురు. రైతు కానివాడు తెలంగాణమున భూమి కొనుటకు అడ్డు లేదు. బోధను దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టినచో అక్కడి చట్టము వేరు. సాధారణముగా రైతు కానివాడు అక్కడ వ్యవసాయ భూమి కొనలేడు.

రహదారి ప్రక్కన రంగురాళ్ళు పాతి ‘ఫార్మ్ ప్లాట్లు’ అని అయిదు గుంటలు, పది గుంటలు అమ్ముచుందురు. అనుమతి పొందిన లేఅవుటు కాని చోట ఇల్లు కట్టుటకు పంచాయతీ అనుమతి ఇయ్యదు. వ్యవసాయము చేయుటకు ఆ చెక్క చాలదు. దానిని గూర్చి ఇంతకన్న వ్రాయ పనిలేదు.

కొలత, బాట

ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, ఇది అందరెరిగినదే. ఒక సర్వే నెంబరులోని పాసుపుస్తకముల మొత్తము ఆ నెంబరు అసలు విస్తీర్ణమునకు మించియుండుట మాత్రము అందరెరుగరు. సేత్వారులో పండ్రెండెకరములుండగా పాసుపుస్తకములన్నియు కలిపిన పదమూడు కావచ్చును. భాగములు కాగితముపై పంచిరే గాని గొలుసు పెట్టి కొలువలేదు. ఆ లేని ఎకరము చివరగా కొనినవాని వంతు వచ్చును. కాబట్టి బేరము ‘పాసుపుస్తకములోని ఎకరము’ లెక్కన గాక, మోకా మీద కొలిచిన గుంట లెక్కన చేసికొనవలెను. బయానా స్వల్పముగా, బ్యాంకు ద్వారా ఇచ్చి, సర్వే అయిన పిదపనే మిగత సొమ్మని ఒప్పందములో వ్రాయించుడు. భూభారతి చట్టము కూడ దస్తావేజునకు కొలత పటము జతపరచు పద్ధతిని నిర్దేశించినది. కొలతనాడు నాలుగు దిక్కుల రైతులును వచ్చి నిలువవలెను. వారు రానిచో ఇంకొక దినము పెట్టుకొనుడు.

బాట నక్షలో ఉన్నదా? లేనిచో ఎవరి పొలము గుండ పోవుచున్నారు? తరతరములుగా అమ్మువానికి దారి ఇచ్చిన పొరుగువాడు అతని మేనమామ కావచ్చును. మీరు మేనల్లుడు కారు. ఆ పొరుగువాని చేత దారిహక్కు రిజిస్టరు చేయించుకొనిన తరువాతనే కొనవలెను. వానకాలపు అర్ధరాత్రి జబ్బుచేసినచో నిజామాబాదు ఆసుపత్రికి పోవుటకు వచ్చు బండి ఆ బాటనే రావలెను.

ఊరు, పంట

ఇచ్చటి గ్రామములలో గ్రామాభివృద్ధి కమిటీలకు పలుకుబడి అధికము. ఇవి చట్టముచే ఏర్పడినవి కావు. గుడి, చెరువు, బాటల పనులు వీటివలన నడచుచున్న మాటయు నిజము. కమిటీ మాట వినని కుటుంబములను వెలివేసిరని కేసులు నడచిన మాటయు నిజము. కొనుటకు ముందే పెద్దలను కలసి, చందాలు ఎట్లుండును, కొత్తవారు ఏమి ఇయ్యవలెను అని అడుగుట మంచిది. అన్ని ఊళ్ళు ఒక్క తీరున ఉండవు. ఒక వేసవి ఉండినచో ఈ సంగతి ఎవరును చెప్పకయే బోధపడును.

పంట విషయము క్లుప్తముగా చెప్పెదము. నిజామాబాదు అనగానే పసుపు జ్ఞప్తికి వచ్చును; జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము 2025లో ఇక్కడనే ఏర్పడినది. కాని పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. త్రవ్వుట, ఉడుకబెట్టుట, ఎండబెట్టుట అంతయు కూలీలతో పని. వృద్ధ దంపతులకు అది తగదు. మామిడి పెట్టదలచినచో మూడడుగుల గుంట త్రవ్వి అడుగున సుద్దయో, రాయియో తగులునేమో చూచి, పైమట్టిని, లోమట్టిని వేర్వేరుగా భూసార పరీక్షకు పంపుడు. రుద్రూరులోని వ్యవసాయ పరిశోధనా స్థానపు శాస్త్రజ్ఞుల సలహా తీసికొనుడు. కోతులు, అడవిపందులు ఈ అడవి అంచున ఎంత నష్టము చేయునో అచ్చటి మక్కజొన్న రైతులు చెప్పుదురు. కంచె ఖర్చు భూమి ధరలో కలుపుకొనియే లెక్కింపవలెను. పశుగ్రాసము, రెండు బర్రెలు, ఇంటికి కూరగాయలు, ఎకరము తోట. మొదటి మూడేండ్లు ఇంతకు మించి మొదలుపెట్టరాదని మా అభిప్రాయము.

ధర సరియైనదా అని తెలిసికొనుటకు ఒక లెక్క కలదు. ఆ భూమికి ఊరిలో ఏడాది మక్త ఎంత పలుకునో అడుగుడు. ఉదాహరణకు ఎకరమునకు 15,000 రూపాయలు మక్త, 30 లక్షలు ధర అనుకొనుడు. నూటికి అర్ధరూపాయి వచ్చుబడి. అంతే సొమ్ము బ్యాంకులో వేసినచో ఎంత వచ్చునో మీకు తెలిసినదే. ఆ తేడా ఏటేట మీరు గాలికి, పచ్చదనమునకు చెల్లించు మూల్యము. చెల్లింపదలచినచో చెల్లింపవచ్చును, తప్పు లేదు. కాని దానిని పంట తీర్చునని అనుకొనరాదు. ఉన్న సొమ్ములో సగమునకు మించి భూమిలో పెట్టరాదు. మందులకు, బోరు చెడినప్పటి ఖర్చునకు చేతిలో ఉండవలెను. 2018లో మొదలైన రైతుబీమా 59 సంవత్సరముల లోపువారికే వర్తించును. అరువదియేండ్ల కొత్త పట్టాదారునకు అది రాదు.

దస్తావేజు భార్యాభర్తలిద్దరి పేర వ్రాయించుడు. తహసీలు కార్యాలయమునకు పోవునప్పుడు, సర్వేనాడు, బోరు డ్రమ్ముతో కొలుచునాడు ఇల్లాలు కూడ వెంట ఉండవలెను. ఈ సంవత్సరము కొనదలచినవారు మార్చి నెలలో ఇల్లు అద్దెకు తీసికొని, పాత పహాణీల నకళ్ళకు అప్పుడే దరఖాస్తు పెట్టుకొనినచో, మే నెలలో బోరు కొలిచి, మృగశిర కార్తె ప్రవేశించునాటికి బయానా ఇయ్యవలెనో, పెట్టె సర్దుకొనవలెనో నిశ్చయించుకొనవచ్చును.